సంక్రాంతికి ఏం క్యాంపు పెట్టాలి?

మా పెదనాన్న గారి అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. పోయిన నెల ఫోన్ చేశాడు. సంక్రాంతికి ఊరొస్తున్నాం, ఇక్కడ మన వైపు వాళ్లం నలుగురం కలిసి కొంత డబ్బు పోగేశాం, ఊళ్లో ఒక మెడికల్ క్యాంపు పెడదామని ఉంది, నువ్వు ఆ లైన్లోనే ఉన్నావు కదమ్మా, ఏం క్యాంపు పెడితే జనానికి పనికొస్తుందో చెప్పు అన్నాడు. కంటి క్యాంపా, గుండెదా, షుగర్‌దా అని తనే మూడు చెప్పాడు. కాస్త ఆగి, అసలు మన రాష్ట్రంలో జనం ఆరోగ్యం మునుపటికంటే బాగుపడిందా లేదా, ఇక్కడ ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తున్నారు అని కూడా అడిగాడు.

రెండు రోజుల్లో చెప్తానన్నాను. నెల దాటిపోయింది. చెబుదామని కూర్చుంటే అది ఫోన్లో తేలే సంగతిలా అనిపించలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. అన్నయ్యా, పొడుగ్గా ఉందని వదిలెయ్యకుండా చివరిదాకా చదువు. వదినతో కూడా చదివించు.

నా పని నీకు తెలుసు, మిగతావాళ్ల కోసం చెప్తున్నాను. గుంటూరులో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని, పద్నాలుగేళ్లుగా రక్తం తీస్తున్నాను. పొద్దున్న ఆరున్నరకి షట్టర్ ఎత్తేసరికే మెట్ల మీద నలుగురైదుగురు కూర్చుని ఉంటారు. పరగడుపున షుగర్ టెస్టుకి వచ్చినవాళ్లు, రక్తం ఇచ్చేసి టిఫిన్ తిని రెండు గంటల తర్వాత మళ్లీ రావాలి కాబట్టి వాళ్ల తొందర వాళ్లది. తొమ్మిది దాటాక పల్లెటూళ్ల బస్సులు దిగినవాళ్లు వస్తారు, వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. డాక్టరు రాసిన చీటీలో సీబీపీ అని ఉంటుంది, అంటే పూర్తి రక్తపరీక్ష. చెయ్యి చాపమని, నరం వెతికేలోపు నేను గోళ్లు చూస్తాను, అరచెయ్యి చూస్తాను, కింది కనురెప్ప కొంచెం లాగి చూస్తాను. సూది గుచ్చకముందే ఎనిమిదా, తొమ్మిదా అనేది నాకు సుమారుగా తెలిసిపోతుంది. మిషన్ తర్వాత చెప్తుంది. చాలాసార్లు ఇద్దరి మాటా ఒక్కటే అవుతుంది.

ఎనిమిది, తొమ్మిది అంటే హిమోగ్లోబిన్. ఆడవాళ్లకి 12 గ్రాములు ఉండాలి, కడుపుతో ఉన్నవాళ్లకి 11 ఉండాలి. మా దగ్గరికి వచ్చి ఏడున్నర ఉన్నామె "నాకు రక్తం బానే ఉందంటండి, ఏడు దాటిందంట" అని పక్కనున్న ఆవిడతో చెప్పడం నేను విన్నాను. పక్కావిడ కూడా అవునా, నాది ఆరే ఉండేది అంది. ఆ తేడాకి వాళ్లిద్దరూ సంతోషపడుతున్నారు. ఏడున్నరతో మనిషి మెట్లెక్కితే గుండె దడదడలాడుతుంది, అలాంటి మనిషి పొద్దున్నే లేచి ఇంటిపని చేసుకుని, పొలం వెళ్లి వంగి మిరపకాయలు కోసి, సాయంత్రం వచ్చి మళ్లీ వంట చేస్తోంది. ఏమైనా అంటే కొంచెం నీరసంగా ఉందండి అంటుంది.

ఇది నా ఒక్క ల్యాబ్ లెక్క కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంతకు ముందు 2015-16లో చేసిన సర్వేలో 60 శాతం. అంటే ఆ మధ్యలో ఎన్ని పథకాలు వచ్చినా, ఎన్ని మాత్రలు పంచినా కదిలింది ఒక్క శాతం. తెలంగాణలో 57.6, అక్కడా ఇదే కథ. ఐదేళ్ల లోపు పిల్లల్లో అయితే తగ్గకపోగా పెరిగింది, 58.6 నుంచి 63.2కి. తల్లికి లేని రక్తం బిడ్డకి ఎక్కణ్నుంచి వస్తుంది?

బాగుపడిందా లేదా అని అడిగావు కదా, బాగుపడినవీ ఉన్నాయి, వాటిని కాదనడం అన్యాయం. మన నాయనమ్మకి తొమ్మిది కాన్పులైతే దక్కింది ఐదుగురు. ఆఖరి కాన్పులో ఆవిడ రెండు రోజులు స్పృహ లేకుండా పడి ఉందని మీ నాన్న చెప్పేవాడు, బండి కట్టి తీసుకెళ్లడానికి కూడా దారి లేదంట, వానాకాలం. ఇప్పుడు మన ఊళ్లో ఇంట్లో కాన్పు అనే మాటే లేదు. ఆ సర్వేలోనే 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లో జరుగుతున్నట్టు తేలింది. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సులు మొదలయ్యాయి, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరుగుతున్నారు, తల్లీబిడ్డల్ని ఇంటిదాకా దించే బండి కూడా ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004-06 ప్రాంతంలో లక్ష కాన్పులకి 154 మంది తల్లులు చనిపోయేవాళ్లు. 2018-20కి మన రాష్ట్రంలో అది 45కి వచ్చింది. దేశం మొత్తం మీద 97 ఉన్నప్పుడు మనది 45. అప్పటికి కేరళ 19 దగ్గర ఉంది, మనం దాన్ని అందుకోలేదు, అయినా ఇది చిన్న సంగతి కాదు. దీని వెనక ఎంతమంది నర్సమ్మల కష్టం ఉందో నాకు తెలుసు.

కాకపోతే నేను రోజూ చూసేది ఏంటంటే, ప్రాణం మీదకి వచ్చినప్పుడు ఆదుకునే ఏర్పాటు మనకి కుదిరింది. మామూలు రోజుల్లో మనిషి ఎలా ఉందో, ముఖ్యంగా ఆడమనిషి ఎలా ఉందో చూసే ఏర్పాటు కుదరలేదు. దీనికి నేను సర్వే పుస్తకాలు తెరవక్కర్లేదు, మా అక్క ఒక్కత్తి చాలు. అక్కని అడిగే రాస్తున్నాను.

అక్కకి పదిహేడో ఏట పెళ్లి చేశారు. నీకు గుర్తుండే ఉంటుంది, పందిట్లో నువ్వే కూల్‌డ్రింకులు పంచావు. ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాయలేదు. పంతొమ్మిదికి పాప, ఇరవై ఒకటికి బాబు, రెండూ సిజేరియన్లే. రెండోసారి కడుపు కోసినప్పుడే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేసేశారు. ముప్పై రెండో ఏట గర్భసంచి తీసేశారు. ముప్పై ఎనిమిదికి బీపీ వచ్చింది. ఇప్పుడు నలభై ఏడు. పోయినేడాది బాత్రూంలో మామూలుగా జారి చెయ్యి ఆన్చితే మణికట్టు విరిగింది, అంత చిన్న దెబ్బకి విరగకూడదమ్మా, ఎముకలు గుల్లబారాయి అన్నాడు డాక్టరు.

ఇందులో ఏ ఒక్కటీ మా అక్కకి మాత్రమే జరిగింది కాదు, అదే నా బాధ. ఒక్కోదానికీ సర్వేలో ఒక్కో గడి ఉంది. 20-24 ఏళ్ల అమ్మాయిల్లో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు మన రాష్ట్రంలో 29.3 శాతం. సిజేరియన్లు 42.4 శాతం, ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 63 శాతం, దేశం సగటు 21.5. తెలంగాణలో మొత్తం మీదే 60 శాతం దాటింది. సిజేరియన్ తల్లిని, బిడ్డని కాపాడే ఆపరేషనే, అవసరమైనప్పుడు చెయ్యాల్సిందే, కానీ పది మందిలో నలుగురికి, ఆరుగురికి అవసరం ఎలా అవుతుంది? ముహూర్తం పెట్టించుకుని వచ్చి, ఫలానా టైముకి బిడ్డని తియ్యమని అడిగే కుటుంబాలు కూడా ఉన్నాయి, తప్పు ఆసుపత్రులదే అని నేను అనను. పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే, దేశంలో ఇంత ఎక్కువ ఇంకెక్కడా లేదు. మగవాళ్లది ఒక్క శాతం కూడా లేదు. మగవాళ్లకి చేసేది పావుగంట పని, కుట్లు కూడా ఉండవు, అయినా మన ఇళ్లలో ఆ మాట ఎత్తడానికి కూడా లేదు. ఆయన బరువులు మొయ్యాలి, ఆయన పొలం పనికి పోవాలి అంటారు. ఈవిడ మొయ్యట్లేదా బరువులు?

ఇక గర్భసంచి. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ ఒక్కదాని గురించి మన ఊళ్లలో ఎవరూ గట్టిగా మాట్లాడరు. అదే సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.3 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం, తెలంగాణలో 8.2. దేశంలో మొదటి రెండు స్థానాలూ మన తెలుగు వాళ్లవే. ఇంకా పీరియడ్స్ ఆగాల్సిన వయసు కూడా రానివాళ్ల లెక్క ఇది. దేశం మొత్తం చూస్తే ఈ ఆపరేషన్లలో మూడింట రెండొంతులు ప్రైవేటులోనే జరుగుతున్నాయి, సగానికి పైగా మందికి చెప్పిన కారణం ఎక్కువ రక్తస్రావం.

ఇది ఎలా జరుగుతుందో అక్క విషయంలో దగ్గరుండి చూశాను. నెలసరి వస్తే పది పన్నెండు రోజులు ఆగేది కాదు. మిరపకోతల రోజుల్లో పాత చీర ముక్కలు రెండు మూడు పొరలు పెట్టుకుని వెళ్లేది. చేలో మరుగు ఉండదు, మార్చుకోవడానికి చోటు ఉండదు, పొద్దున్న పెట్టుకున్నదానితోనే సాయంత్రం దాకా. ఒక రోజు మానేస్తే కూలి పోతుంది, ముఠాలో చోటు కూడా పోతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికి వెళ్తే ఒక సూది వేసి, బలానికని సెలైన్ బాటిల్ ఎక్కించేవాడు. రెండు రోజులు బాగున్నట్టే ఉండేది. ఏడాది ఇలా నడిచాక ఆయనే టౌన్లో ఒక ఆసుపత్రికి పంపాడు. అక్కడ స్కానింగ్ తీసి గర్భసంచి వాచింది, నీటిబుగ్గలున్నాయి అన్నారు. తెల్లబట్ట కూడా అవుతోందంటున్నావు, ఉంచుకుంటే రేపు క్యాన్సర్‌లోకి దింపుతుంది, పిల్లలు ఇద్దరున్నారు, ఆపరేషనూ అయిపోయింది, ఇంక దాంతో నీకు పనేముంది, తీసేస్తే గొడవ వదిలిపోతుంది అన్నారు.

క్యాన్సర్ అన్న మాట వినబడ్డాక ఇంట్లో ఎవరికీ ఇంకేం వినబడలేదు. బావ మూడు రూపాయల వడ్డీకి ముప్పై వేలు తెచ్చాడు. నేను అప్పుడు డీఎంఎల్‌టీ, అంటే ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు, చదువుతున్నాను, ఇంట్లో వైద్యం గురించి కాస్త తెలిసినదాన్ని నేనే, నన్ను అడిగితే నేను కూడా తీయించేసుకో అక్కా అన్నాను. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

క్యాన్సర్ భయం పెట్టినవాళ్లు క్యాన్సర్ పరీక్ష చెయ్యలేదు. గర్భసంచి ముఖద్వారం దగ్గర చిన్న బ్రష్‌తో తుడిచి చేసే పరీక్ష ఉంది, పాప్ స్మియర్ అంటారు, వెనిగర్ లాంటిది రాసి కళ్లతో చూసి చెప్పే పరీక్ష కూడా ఉంది, పెద్దగా నొప్పి ఉండదు, కాసేపట్లో అయిపోతుంది. ఆ సర్వే నాటికి మన రాష్ట్రంలో 30-49 ఏళ్ల ఆడవాళ్లలో జన్మలో ఒక్కసారైనా ఆ పరీక్ష చేయించుకున్నవాళ్లు నూటికి ఐదుగురు కూడా లేరు. పరీక్షకి ఐదుగురు కూడా రారు, ఆపరేషన్‌కి మాత్రం తొమ్మిది మంది దాకా వెళ్తారు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

అందరికీ అనవసరంగా చేశారని నేను అనట్లేదు. పెద్ద పెద్ద గడ్డలుంటాయి, మందులకి లొంగని రక్తస్రావం ఉంటుంది, నిజంగా క్యాన్సరే ఉంటుంది, అలాంటప్పుడు ఆ ఆపరేషన్ ప్రాణం నిలుపుతుంది. కానీ మాత్రలు, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్, థైరాయిడ్ ఉంటే దానికి మందు, ఇవన్నీ ముందు చూసి, ఏదీ పనిచెయ్యనప్పుడు ఆఖరున చెయ్యాల్సినది మన దగ్గర మొదటే చేసేస్తున్నారు. ఆరోగ్యశ్రీ వచ్చిన కొత్తల్లో ఈ ఆపరేషన్లు ఎక్కువైపోతున్నాయని గొడవ జరిగి, ఆ పథకం కింద దీన్ని ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేశారు. మంచి పనే, కానీ అప్పు తెచ్చి కట్టేవాళ్లని అది ఆపలేదు. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా, అనవసరంగా గర్భసంచులు తీయకుండా చూడటానికి కేంద్రం రాసిన మార్గదర్శకాలని మూడు నెలల్లో అమల్లో పెట్టమని అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. ఈ సంగతి మన ఊళ్లో ఒక్క ఆడమనిషికైనా తెలుసా అని అడిగి చూశాను, మా అమ్మకి, పిన్నికి, ఎదురింటి వాళ్లకి. ఎవరికీ తెలియదు.

అక్క ఫైలు ఈ మధ్యే అటక మీద దొరికింది. నేను ఇప్పుడు చదవగలను కదా, ప్రతి కాయితం చదివాను. ఆపరేషన్‌కి ముందు హిమోగ్లోబిన్ 6.8. రెండు బాటిళ్ల రక్తం ఎక్కించి ఆపరేషన్ చేశారు. 6.8కి ఎందుకు పడిందో ఎక్కడా రాయలేదు. థైరాయిడ్ టెస్టు లేదు. పాప్ స్మియర్ లేదు. డిశ్చార్జ్ కాయితంలో ఇంగ్లీషులో ఒక లైను ఉంది, గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశామని. ఆ సంగతి అక్కకి పదిహేనేళ్లుగా తెలియదు. ముప్పై మూడో ఏట ఒళ్లంతా సెగలు, రాత్రిళ్లు చెమటలు, నిద్ర లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం, అవన్నీ ఎందుకు వచ్చాయో మొన్న నేను చదివి చెప్తే తెలిసింది. అండాశయాలు తీసేస్తే ఆడవాళ్లకి రక్షణగా ఉండే హార్మోన్ ఒక్కసారిగా ఆగిపోతుంది, ఎముకలు తొందరగా గుల్లబారతాయి, గుండెజబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది. అక్క వింటూ ఏమీ అనలేదు. విరిగిన మణికట్టు వంక చూసుకుంటూ కూర్చుంది.

రెండేళ్ల క్రితం అక్క కూతురికి కూడా ఇలాగే మొదలైంది. దానికి అప్పుడు ఇరవై ఆరు, ఒక పాప. అదే రక్తస్రావం, అదే నీరసం. మళ్లీ ఎవరో స్కానింగ్ చేసి అదే మాట అన్నారు, తీసేస్తే వదిలిపోతుందని. ఈసారి నేను ఊరుకోలేదు, దాన్ని తీసుకుని పెద్ద ప్రభుత్వాసుపత్రికి వెళ్లాను. రెండు గంటలు లైన్లో నిలబడ్డాం, డాక్టరమ్మ చూసింది మాత్రం ఐదు నిమిషాలే, కానీ ఆ ఐదు నిమిషాల్లో ముందు థైరాయిడ్ చేయించుకురండి అంది. హిమోగ్లోబిన్ 8.2 ఉంది, థైరాయిడ్ కూడా తేడాగా ఉంది. పొద్దున్నే పరగడుపున చిన్న మాత్ర, రాత్రి ఐరన్ మాత్ర. నాలుగైదు నెలలకి నెలసరి దారిలో పడింది. మొన్న దీపావళికి వచ్చినప్పుడు నేనే రక్తం తీశాను, 11.7 ఉంది. అక్కకి కూడా థైరాయిడే ఉండేదేమో అని నాకు అనిపిస్తుంది. ఇప్పుడు అది తేల్చే దారి లేదు.

ఐరన్ మాత్రల గురించి కూడా చెప్పాలి. బళ్లో వారానికొకసారి నీలం రంగు మాత్ర ఇస్తారు పెద్ద పిల్లలకి, గర్భిణులకి ఎర్రది రోజూ. పిల్లలు దాన్ని నోట్లో పెట్టుకుని గోడ వెనక ఊసేస్తారు. పరగడుపున వేసుకుంటే వికారం వస్తుంది, విరేచనం నల్లగా వస్తుంది, అది మామూలేనని ముందే చెప్పకపోతే తల్లులు భయపడి మానిపించేస్తారు. అన్నం తిన్నాక వేసుకుని, నిమ్మకాయ నీళ్లు తాగితే ఒంటికి బాగా పడుతుంది. టీ, కాఫీ, పాలతో కలిపి వేసుకుంటే ఆ ఇనుము ఒంటికి సరిగ్గా అందదు. మనవాళ్లు అన్నం తిన్న వెంటనే టీ తాగుతారు, పొలంలో అయితే మరీను. ఆ ఒక్క అలవాటు గంటన్నర వెనక్కి జరిపినా తేడా ఉంటుంది. అందరికీ ఇనుము ఒక్కటే కాదు, కొందరికి బి12 విటమిన్ తక్కువ, కొందరికి పుట్టుకతో వచ్చిన థలసీమియా అనే రక్తలోపం తాలూకు లక్షణం ఉంటుంది, మూడు నెలలు వాడినా నంబరు కదలకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఆ మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. దాన్ని ల్యాబ్‌లో తయారుచేసే దారి కనిపెట్టిన బృందాన్ని నడిపించింది మన యల్లాప్రగడ సుబ్బారావు గారు, భీమవరంలో పుట్టిన మనిషి. స్ప్రూ అనే పేగుల జబ్బుకి ఆయన అన్నదమ్ముల్ని పోగొట్టుకున్నాడు, తనూ ఆ జబ్బు పడ్డాడు. ఆ జబ్బులో వచ్చే రక్తహీనతకి పనిచేసే మందు తర్వాత ఆయన చేతుల మీదుగానే వచ్చింది. బళ్లో మాత్ర చేతిలో పెట్టేటప్పుడు పిల్లలకి ఈ కథ చెప్తే ఊసెయ్యకుండా మింగుతారేమోనని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

తిండి సంగతి నీకు తెలియంది కాదు. అమ్మ ఎప్పుడు తినేది గుర్తు తెచ్చుకో. నాన్న తిన్నాక, మనం తిన్నాక, గిన్నె అడుగున మిగిలిన కూరలో అన్నం కలుపుకుని వంటింట్లో పీట మీద కూర్చుని తినేది. కోడికూర వండిన రోజు ఆమె పళ్లెంలో పులుసే ఉండేది. ఇప్పటికీ చాలా ఇళ్లలో అంతే. మూడు పూటలా తెల్లన్నం, పచ్చడి, పల్చటి చారు. జొన్నన్నం, సజ్జ రొట్టె, రాగి సంకటి మన తాతల కాలానికే తగ్గుతూ వచ్చాయి, ఇప్పుడు షుగర్ వచ్చాక డాక్టరు చెప్తే కొర్రలు కొనుక్కుంటున్నాం, అదీ ఎక్కువ ధర పెట్టి. రేషన్ బియ్యంలో నూటికి ఒక గింజ చొప్పున ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన గింజలు కలుపుతున్నారు. కడిగేటప్పుడు అవి తేలతాయి, రంగు కూడా కొంచెం తేడాగా ఉంటుంది. ప్లాస్టిక్ బియ్యమని ఎవరో అన్నారు, అంతే, చేటలో పోసి ఒక్కో గింజా ఏరి పారేస్తున్నారు. మా పిన్ని ఏరుతుంటే నేనే చూశాను. ఎంత ఓపిగ్గా ఏరుతుందో. పిన్నీ, నువ్వు పారేస్తున్నదే నీకు కావాల్సిన మందు అంటే నమ్మడానికి ఆవిడకి వారం పట్టింది.

ఇంకో విచిత్రం, రక్తం తక్కువున్న మనిషి అంటే సన్నగా పుల్లలా ఉంటుందనుకుంటాం. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎనభై కిలోలుండి, షుగర్ ఉండి, రక్తం తొమ్మిదే ఉన్నవాళ్లు బోలెడుమంది. ఆ సర్వే లెక్కలో మన రాష్ట్రంలో 36.3 శాతం ఆడవాళ్లు బరువు ఎక్కువున్నారు. కడుపు నిండుతోంది, ఒంటికి కావాల్సింది అందట్లేదు. బీపీ, షుగర్ మగవాళ్లలోనూ తక్కువేం కాదు, 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 29 శాతానికి బీపీ, 21.8 శాతానికి షుగర్ ఎక్కువున్నాయి. అయితే మగవాళ్లకి గుండె పట్టేస్తే ఇల్లంతా కదులుతుంది, కారు వస్తుంది. వాళ్ల సంగతి చూసుకునేవాళ్లు ఉన్నారు.

రాష్ట్రం అంతా ఒకేలా ఉందని కూడా అనుకోవద్దు. శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీలు పోతున్నాయి, ఎందుకో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, వంశధార నీళ్లు ఇళ్లకి తెచ్చారు. దర్శి, పొదిలి, కనిగిరి వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని 1937లోనే డాక్టర్లు రాశారు, ఇప్పటికీ అక్కడ ముసలివాళ్ల వంగిన నడుములు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అక్కడివాళ్లు ఏ క్యాంపు పెట్టాలో వాళ్లే బాగా చెప్పగలరు. మన ఊరికి మాత్రం నేను చెప్పేది ఇది.

కంటి క్యాంపు వద్దు, వేరేవాళ్లు ఏటా పెడుతూనే ఉన్నారు. పన్నెండేళ్లు దాటిన ప్రతి ఆడపిల్లకీ, ప్రతి ఆడమనిషికీ హిమోగ్లోబిన్ పరీక్ష పెట్టు. నేనూ, నాతో పనిచేసే ఇంకో ఇద్దరూ వస్తాం, జీతం వద్దు. ఒక గైనకాలజిస్ట్‌ని రోజంతా ఉండేలా మాట్లాడు, మగ డాక్టరు అయితే మనవాళ్లు నోరు విప్పరు, ఆడ డాక్టరే కావాలి. బళ్లో తలుపులు వేసుకోగలిగే గది ఒకటి ఉంది, కిటికీలకి పరదాలు కడదాం, ముఖద్వారం పరీక్ష అక్కడే చేయిద్దాం. రక్తస్రావం ఎక్కువని చెప్పినవాళ్లకి థైరాయిడ్ టెస్టు. తర్వాత మూడు నెలలకి, ఏప్రిల్‌లో, అదే మనుషులకి మళ్లీ రక్తపరీక్ష. ఇది చాలా ముఖ్యం. మొదటిసారి నంబరు చెప్పి పంపేస్తే వాళ్లు ఆ చీటీ మడిచి బియ్యం డబ్బాలో పెట్టుకుంటారు, అంతకుమించి ఏమీ జరగదు. ఫ్లెక్సీలకి, భోజనాలకి అనుకున్న డబ్బు ఆ రెండో విడతకి దాచు.

ఒక మాట, పండగ మూడు రోజుల్లో వద్దు. నువ్వు కనుమ నాడు పెడదామన్నావు, అందరూ ఊళ్లోనే ఉంటారని. ఉంటారు, కానీ ఆడవాళ్లు పొయ్యి దగ్గర ఉంటారు, ఇంటినిండా చుట్టాలుంటారు, గారెలు వండుతూ ఎవరొస్తారు? పండగ అయ్యాక, చుట్టాలు వెళ్లాక, సాయంత్రం నాలుగు తర్వాత కోతల నుంచి ఇంటికి వచ్చే వేళకి పెట్టాలి.

అక్కకి ఇదంతా రాసి వినిపించాను, తన సంగతులున్నాయి కదా, ఏమైనా తీసెయ్యమంటే తీసేస్తానన్నాను. ఏమీ తీసెయ్యొద్దంది. చీటీలు రాసే బల్ల దగ్గర తను కూర్చుంటానంది. డాక్టరమ్మ దగ్గరికి పంపేముందు ఒక్కొక్కళ్లనీ నా దగ్గరికి పంపు, ఎన్ని రోజులవుతోందో నేను అడుగుతాను, నాకైతే చెప్తారు అంది. చెయ్యి ఇంకా పూర్తిగా తిరగదు, ఎడం చేత్తో పెన్ను పట్టుకుని రాయడం ప్రాక్టీసు చేస్తోంది.

మీ తిరుగు టికెట్లు పదహారుకి ఉన్నాయని వదిన చెప్పింది. ఇరవైకి మార్చడం కుదురుతుందేమో చూసి రేపు ఫోన్ చెయ్యి.